ఫ్రంట్ యాక్సిల్ మళ్ళీ బిగించేటప్పుడు క్రాసులు ఒకే లైన్లో ఉండాలా?

ప్రశ్న చంద్రగిరి పక్క ఊళ్ళోని ఒక పాత జీపు గురించి. ముందు యాక్సిల్ ఆయిల్ సీళ్ళు కారుతున్నాయని రెండు చక్రాల వైపూ విప్పారు. పనిలో పనిగా యాక్సిల్ షాఫ్టుల క్రాసులు (వంగి తిరిగే యు-జాయింట్లు) రెండూ, ముందు ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ల వైపు నుంచి యాక్సిల్‌కి తిరుగుడు తెచ్చే పొడుగు షాఫ్టు) క్రాసులు రెండూ మార్చారు. ఆ పనిలో ప్రొపెల్లర్ షాఫ్టు స్ప్లైన్ (ఒకదాంట్లో ఒకటి జారే పళ్ళ గాడులు) దగ్గర జారి రెండు ముక్కలై చేతికొచ్చింది, మార్కు మాత్రం పెట్టుకోలేదు. ఇప్పుడు హబ్బులు లాక్ చేస్తే (ముందు చక్రాలని యాక్సిల్ షాఫ్టులకి కలిపితే) 40 దాటగానే గుయ్యిమని మోత. ఫోర్‌వీల్ వేసి స్టీరింగ్ ఫుల్‌గా కోస్తే, అంటే ఒక పక్కకి చివరిదాకా తిప్పితే, చేతిలో కొట్టుకుంటోంది. "ఎడమ షాఫ్టు క్రాసూ కుడి షాఫ్టు క్రాసూ ఒకే లైన్లో లేవు, మళ్ళీ విప్పి కలపాలి" అన్నారట షెడ్డులో. కలపాలా?

అక్కర్లేదు. యాక్సిల్ మళ్ళీ విప్పకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. మోత ప్రొపెల్లర్ షాఫ్టుది, దాన్ని గంటలో సరిచేయొచ్చు. ఫుల్ కట్‌లో కొట్టుకోవడం చాలామటుకు జబ్బే కాదు.

ముందు క్రాసు స్వభావం తెలియాలి. క్రాసు జాయింటు వంగి తిరిగేటప్పుడు, నడిపే షాఫ్టు ఎంత నిలకడగా తిరిగినా అవతలి షాఫ్టు నిలకడగా తిరగదు. ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకి ఉరుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. ఎంత అనేది వంపును బట్టి ఉంటుంది. 5 డిగ్రీల వంపులో అర శాతం కూడా ఉండదు. 10 డిగ్రీల్లో ఒకటిన్నర శాతం, 20 డిగ్రీల్లో 6 శాతం. 30 డిగ్రీలకి పోతే, లోపలి షాఫ్టు నిమిషానికి 100 చుట్లు తిరుగుతుంటే బయటిది 87కి పడుతూ 115కి లేస్తూ ఉంటుంది. క్రాసు కొత్తదైనా, ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఇది తప్పదు. ఇందులో అరుగుదల లేదు, ఉన్నది జ్యామితి మాత్రమే.

ప్రొపెల్లర్ షాఫ్టుకి రెండు కొసలా రెండు క్రాసులు పెట్టింది ఇందుకే. మొదటి క్రాసు పుట్టించిన ఊపుని రెండోది అంతే కొలతలో వెనక్కి లాగేస్తే పినియన్ (డిఫరెన్షియల్‌ని తిప్పే చిన్న పళ్ళచక్రం) నిలకడగా తిరుగుతుంది. అలా లాగాలంటే రెండు షరతులు. నడుమ షాఫ్టుకి రెండు కొసలా ఉన్న యోకులు (క్రాసుని పట్టుకునే రెండు చెవుల ముక్కలు), అంటే ట్యూబుకి ఒక చివర వెల్డింగ్ చేసిన యోకూ రెండో చివర స్ప్లైన్ మీద జారే యోకూ, ఒకే తలంలో ఉండాలి. రెండు క్రాసుల దగ్గరి వంపులూ సమానంగా ఉండాలి. ఫేజు అని పిలిచేది మొదటి షరతుని.

స్ప్లైన్ తప్పుగా దూరితే పోయేది ఆ మొదటి షరతు. ఎంత పోతుందో లెక్క ఉంది. రెండు వంపులూ సమానమనుకుంటే, మిగిలే ఊపు ఒక క్రాసు ఊపుని తప్పిన కోణం సైనుకి రెండింతలతో గుణిస్తే వచ్చేంత. 30 డిగ్రీలు తప్పితే రెండో క్రాసు ఉండీ లేనట్టే. 90 డిగ్రీలు తప్పితే ఒకదాని ఊపు ఇంకోదానికి తోడై రెట్టింపవుతుంది. 16 పళ్ళ స్ప్లైన్‌లో ఒక్క పన్ను తప్పితే 22.5 డిగ్రీలు, అంటే ఒక క్రాసు ఊపులో ముప్పాతిక వంతు అట్లే మిగులుతుంది. పళ్ళు తక్కువున్న స్ప్లైన్ అయితే ఇంకా ఎక్కువ. "ఒక్క పన్నేగా" అని వదిలేసే పన్ను ఇంత పని చేస్తుంది.

మీ మోత 40 దగ్గర ఎందుకు వినబడుతోందో కూడా చూడండి. పాత జీపుల్లో వచ్చిన 5.38 నిష్పత్తి యాక్సిల్, 6.00-16 టైరు అనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి ఇంచుమించు 5 చుట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు 27 చుట్లు. ఫేజు తప్పిన షాఫ్టు ప్రతి చుట్టుకీ రెండుసార్లు తోస్తుంది కాబట్టి సెకనుకి 54 తోపులు. చెవికి అది అదురులా ఉండదు, మోతలా ఉంటుంది. బ్యాలెన్సు పోయిన షాఫ్టయితే చుట్టుకి ఒక్కసారే కొడుతుంది కాబట్టి మోత కంటే నేల అదరడం, గేరు రాడ్డు వణకడం ముందు తెలుస్తాయి. అరిగిన క్రాసు వేరు. అది గేరు పడగానే, యాక్సిలరేటర్ వదలగానే టక్కుమంటుంది. మీది గుయ్యిమనే రకం. ఫేజే.

ఇక ఎడమ కుడి సంగతి. యాక్సిల్ షాఫ్టులో పక్కకి ఒక్కటే క్రాసు, నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ చక్రాన్ని మోసే ముక్క) లోపల. దాని ఊపుని వెనక్కి లాగడానికి రెండోది లేదు, దాని తర్వాత చక్రమే. ఎడమ షాఫ్టు ఊపుని కుడి షాఫ్టు క్రాసు సరిచేయలేదు, ఎందుకంటే అవి ఒకదాని వెనక ఒకటి లేవు, డిఫరెన్షియల్‌కి అటొకటి ఇటొకటి ఉన్నాయి. పోనీ మీరు కష్టపడి రెండిటినీ ఒకే లైన్లో పెట్టారనుకోండి. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ. షెడ్డు గేటు దాటి రోడ్డెక్కే మొదటి మలుపులోనే ఆ లైను పోతుంది. తిన్నని రోడ్డు మీద కూడా ఒక టైరులో గాలి కొంచెం తక్కువుంటే చాలు, ఫర్లాంగు దూరంలో ఎక్కడివక్కడ తేడా వస్తుంది. నిలబడని దాన్ని కలపడం దేనికి? ముందు యాక్సిల్‌కి డిఫ్ లాక్ ఉన్న బండికి లాక్ వేసినంత సేపూ ఎట్లా పెడితే అట్లా ఉంటాయి, కానీ అప్పుడు కూడా ఒకదాన్ని ఇంకోటి సరిచేయదు. స్టీరింగ్‌కి దెబ్బలు రెండు పక్కల నుంచీ కలిసి వస్తాయా, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయా, తేడా అంతే.

షెడ్డులో ఆ మాట ఊరికే పుట్టలేదు. ప్రొపెల్లర్ షాఫ్టుకి వర్తించే నియమం పక్కనే ఉన్న యాక్సిల్‌కి పాకింది. పైగా షాఫ్టుని లోపలికి దూర్చేటప్పుడు యోకు చెవులు నకిల్‌కి తగలకుండా ఒక దిక్కున తిప్పి దూర్చాలి. అది దూర్చడం కోసం చేసే పని, దూరాక దాంతో పనిలేదు.

ఫుల్ కట్‌లో కొట్టుకోవడం గురించి. స్టీరింగ్ మొత్తం కోసినప్పుడు నకిల్ 25 నుంచి 30 డిగ్రీల దాకా తిరుగుతుంది. పైన చెప్పిన 87, 115 అంకెలు గుర్తు తెచ్చుకోండి. ఆ ఎగుడుదిగుడు నేరుగా చక్రానికీ అక్కడి నుంచి స్టీరింగ్‌కీ వస్తుంది. క్రాసు రకం యాక్సిల్ ఉన్న ప్రతి బండిలోనూ ఇది ఉంటుంది. స్టీరింగ్ సగం వదిలితే తగ్గిపోవాలి, టూ-వీల్‌కి మార్చి హబ్బులు విడిస్తే పూర్తిగా పోవాలి. అలా పోతే వదిలేయండి.

దీంతో కలగాపులగం అయ్యేది ఇంకోటి ఉంది. నడుమ డిఫరెన్షియల్ లేని ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్ళకి శక్తిని పంచే గేర్ల పెట్టె) ఉన్న బండిని తారు మీద ఫోర్‌వీల్‌లో తిప్పితే, ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోవాలి కాబట్టి షాఫ్టులన్నీ మెలిపడి బిగుసుకుంటాయి. బండి ఎవరో వెనక్కి లాగినట్టు మొండికేస్తుంది, ఫోర్‌వీల్ లివరు వెనక్కి రాదు. తిరుమల ఘాటు లాంటి మలుపుల తారు రోడ్డు మీద "గ్రిప్పు బాగుంటుంది" అని ఫోర్‌వీల్ వేసుకుని దిగేవాళ్ళకి ఇది రాసిపెట్టి ఉంటుంది సామీ. కొత్త క్రాసు నీడిల్స్ (క్రాసు కొనల మీది కప్పుల్లో ఉండే సూదుల్లాంటి రోలర్లు) అచ్చులు పడి చెడిపోయేది ఎక్కువగా అక్కడే. పరీక్షకి స్వర్ణముఖి ఇసుకో, దున్నిన మామిడితోటో చూసుకోండి. చక్రం కొంచెం జారే నేల కావాలి.

ఇప్పుడు అసలు పని. మార్కు లేని ప్రొపెల్లర్ షాఫ్టుని ఫేజులో పెట్టడం.

షాఫ్టు దించండి. దించే ముందు ఈసారి మూడు చోట్ల పెయింటు మార్కు పెట్టండి. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజికీ (షాఫ్టు బోల్టులు వేసే పళ్ళెం) దాని యోకుకీ కలిపి ఒకటి, పినియన్ వైపు అట్లాగే ఒకటి, స్ప్లైన్ దగ్గర జారే యోకుకీ ట్యూబుకీ కలిపి ఒకటి. సుద్దముక్క పనికిరాదు, డీజిలు తగలగానే పోతుంది. మూడో మార్కు ఇప్పుడు తప్పు చోట ఉన్నా ఫరవాలేదు, ఎక్కడి నుంచి ఎక్కడికి మారారో తెలుస్తుంది.

షాఫ్టు ఒళ్ళంతా వైరు బ్రష్షుతో గీకి, కిరోసిన్‌తో కడిగి వెతకండి. చాలా షాఫ్టులకి జారే యోకు మీద ఒక బాణం గుర్తు, ట్యూబు మీద ఇంకోటి పోత పోసో పంచ్ కొట్టో ఉంటాయి. గ్రీజూ ఎర్రమట్టీ గట్టిపడి కప్పేస్తాయి. అవి దొరికితే ఎదురెదురుగా పెట్టండి, ఇంకేమీ ఆలోచించకండి. కొన్ని షాఫ్టులకి స్ప్లైన్‌లో ఒక పన్ను వెడల్పుగా ఉంటుంది, తప్పుగా దూరనే దూరదు. కొన్ని విదేశీ బళ్ళకి కంపెనీయే యోకులని కావాలని కొన్ని డిగ్రీలు పక్కకి పెడుతుంది. అట్లాంటి చోట కంపెనీ బాణమే చెల్లుతుంది, కింద చెప్పే పద్ధతి కాదు.

బాణాలు దొరకకపోతే, చదునైన బల్ల మీద రెండు వి-బ్లాకులు పెట్టి ట్యూబుని పడుకోబెట్టండి. వి-బ్లాకులు లేకుంటే ఒకే మందం ఉన్న రెండు చెక్కముక్కలకి గాడి కోసి వాడుకోవచ్చు. రెండు కొసలా క్రాసులు తీసేసి ఉంటే యోకు చెవుల కన్నాల్లో గుండా సరిగ్గా పట్టే నున్నటి కడ్డీ దూర్చండి. పాత కప్పు బయటి కొలతకి లేత్ షాపులో ఒక రాడ్డు తిప్పించుకుంటే చాలా ఏళ్ళు పనికొస్తుంది. ఒక కొస కడ్డీ మీద మట్టపలక పెట్టి బుడగ నడుమకి వచ్చేదాకా షాఫ్టుని తిప్పి, కదలకుండా ఆపండి. రెండో కొస కడ్డీ మీద మట్టం చూడండి. అది కూడా మట్టంగా ఉంటే ఫేజులో ఉన్నట్టే. లేకుంటే స్ప్లైన్ ఊడదీసి ఒక్కో పన్ను తిప్పుతూ దూర్చి చూడండి. సరిగ్గా కుదిరే చోట్లు రెండే ఉంటాయి, ఒకదానికొకటి 180 డిగ్రీల దూరంలో. ఫేజు వరకూ రెండూ ఒకటే. కానీ ఫ్యాక్టరీలో బ్యాలెన్సు చేసింది వాటిలో ఒకదానికే. ఒకటి పెట్టి నడిపి, సన్నటి వణుకు ఉంటే రెండోది పెట్టి చూడండి.

క్రాసులు బిగించి ఉండగా చూడాలంటే కప్పుల ముఖాల మీద డిజిటల్ కోణమాని ఆనించొచ్చు. ఫోన్లో వచ్చే మట్టం యాప్ కూడా డిగ్రీ అటూఇటూగా చెబుతుంది, ఒక పన్ను తప్పిందా లేదా అనే ప్రశ్నకి అది చాలు.

ఏ పన్ను మీద పెట్టినా రెండు కడ్డీలూ కలవవు, ఎప్పుడూ నాలుగైదు డిగ్రీలు తేడా ఉందంటే ట్యూబుని ఎవరో కోసి వెల్డింగ్ చేయించారన్నమాట. ఇంజనో గేర్‌బాక్సో మార్చిన జీపుల్లో షాఫ్టు పొట్టిగానో పొడుగ్గానో చేయించడం మామూలే, అప్పుడు యోకుని కంటితో చూసి టాకా వేసేస్తారు. 3 డిగ్రీల తేడాకి పదో వంతు ఊపు మిగులుతుంది, జీపు వేగాలకి అది తెలియదు. 5 దాటితే మళ్ళీ కోయించి, వెల్డింగ్‌కి ముందు రెండు కడ్డీలూ పెట్టి మట్టం చూపించి, తర్వాత బ్యాలెన్సు చేయించాలి.

ఒక తప్పుడు అభిప్రాయం చాలామందిలో ఉంది. షాఫ్టుని ఫ్లాంజి మీద పావు చుట్టు తిప్పి బోల్టులు వేస్తే ఫేజు మారుతుందని అనుకుంటారు. మారదు. ఫేజు ఆ షాఫ్టు సొంత యోకుల మధ్య సంగతి. ఫ్లాంజి దగ్గర ఎట్లా తిప్పినా అది అట్లే ఉంటుంది, బ్యాలెన్సు మాత్రం మారొచ్చు. ఫేజుని మార్చగలిగేది స్ప్లైన్ ఒక్కటే.

రెండో షరతు, వంపులు. దీన్ని బండి చక్రాల మీద నిలబడి ఉండగా కొలవాలి, జాకీ మీద యాక్సిల్ వేలాడుతుండగా కాదు. ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి ముఖం, షాఫ్టు ట్యూబు, పినియన్ ఫ్లాంజి ముఖం, మూడు చోట్లా కోణమాని పెట్టండి. ఫ్లాంజి ముఖం నిలువు నుంచి 3 డిగ్రీలు వాలి ఉంది, ట్యూబు అడ్డం నుంచి అదే దిశలో 9 డిగ్రీలు వాలి ఉంది అంటే పై క్రాసు వంపు 6. పినియన్ ముఖం కూడా అదే దిశలో 3 ఉంటే కింది క్రాసుదీ 6. బాగుంది. తేడా ఒక డిగ్రీ లోపు ఉండాలి. వంపు మరీ సున్నా అయినా మంచిది కాదు. నీడిల్స్ దొర్లకుండా ఒకేచోట నొక్కుకుని క్రాసు కొనల మీద గాట్లు పడతాయి. కనీసం అర డిగ్రీ, ఒక డిగ్రీ ఉండాలి.

పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) మార్చి బండి ఎత్తు పెంచినవాళ్ళకి ఇక్కడే చిక్కు. పినియన్‌ని సరిచేద్దామని పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య 2 డిగ్రీల ఆప్పు (వెడ్జి) పెడితే పినియన్ 2 డిగ్రీలు తిరుగుతుంది, దాంతోపాటు కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే నకిల్ దేని చుట్టూ తిరుగుతుందో ఆ పిన్ను) వాలు కూడా 2 డిగ్రీలు మారుతుంది, ఎందుకంటే రెండూ ఒకే హౌసింగ్ మీద ఉన్నాయి. పినియన్ ముక్కు పైకి లేపితే కింగ్ పిన్ వెనక్కి వాలడం తగ్గుతుంది, బండి రోడ్డు మీద అటూఇటూ తిరుగుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. నా లెక్కలో ముందు యాక్సిల్‌కి స్టీరింగ్ వాలే ముఖ్యం. అప్పుడప్పుడూ వాడే ఫోర్‌వీల్ కోసం రోజూ నడిపే స్టీరింగ్‌ని పాడుచేసుకోకూడదు. ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర జంట క్రాసు (పక్కపక్కనే రెండు క్రాసులు కలిపిన జాయింటు) ఉన్న షాఫ్టు పెట్టుకుంటే లెక్క మారుతుంది. అప్పుడు సమాన వంపులు అక్కర్లేదు, పినియన్ నేరుగా షాఫ్టు వైపే చూస్తూ కింది క్రాసు వంపు 1, 2 డిగ్రీల్లో ఉండాలి.

క్రాసు బిగింపు మీద నాలుగు మాటలు, ఎందుకంటే ఫేజు సరిగ్గా ఉండి కూడా మోత వచ్చే బళ్ళలో కారణం ఇక్కడే దొరుకుతుంది.

కొనేటప్పుడు బండి పేరు చెప్పకండి, కొలత చెప్పండి. మన దగ్గర జీపుల్లో షాఫ్టులు ఏ బండివో ఎవరికీ తెలియదు. వెర్నియర్‌తో కప్పు బయటి వ్యాసం, కప్పులతో కలిపి ఒక కొస నుంచి ఇంకో కొసకి పొడవు చూడండి. జీపు ప్రొపెల్లర్ షాఫ్టుల్లో ఎక్కువగా కనబడేది 27 మి.మీ. కప్పు, 82 మి.మీ.కి కాస్త తక్కువ పొడవు. సర్‌క్లిప్ (కప్పు జారిపోకుండా ఆపే రింగు) చెవి బయట పడే రకమా లోపల పడే రకమా అన్నది కూడా చూసుకోవాలి. తిరుపతిలో ఆ సైజు దొరక్కపోతే చెన్నై జీపీ రోడ్డులో దొరుకుతుంది, పాత క్రాసు సంచిలో వేసుకుని పొండి.

యోకు కన్నాలు, సర్‌క్లిప్ గాడులు శుభ్రంగా గీకండి. గాడిలో ఎర్రమట్టి గట్టిపడి ఉంటే సర్‌క్లిప్ పూర్తిగా కూర్చోదు, పైకి మాత్రం కూర్చున్నట్టే కనిపిస్తుంది. కప్పు వేలితో నొక్కితేనే జారిపోయేంత వదులుగా ఉంటే ఆ యోకు పని అయిపోయింది. కన్నం లోపల పంచ్ కొట్టి గరుకు చేసి కప్పు బిగించే అలవాటు ఉంది, అది నెలరోజుల ముచ్చట.

కప్పులు సుత్తితో కొట్టకండి. వైస్‌లో పెట్టి, ఒక పక్క కప్పు కంటే కొంచెం చిన్న సాకెట్, రెండో పక్క కప్పు దూరేంత పెద్ద సాకెట్ ఆనించి నొక్కండి. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు క్రాసు కొనని అందులోకి కొంచెం దూర్చి పట్టుకోవాలి, లేకుంటే ఒక నీడిల్ పక్కకి ఒరిగి అడుగున పడుతుంది. కప్పు అంతా దిగినట్టే ఉండి సర్‌క్లిప్ గాడి మాత్రం రెండు మూడు మిల్లీమీటర్లు కనబడకుండా ఆగిపోయిందంటే అడుగున నీడిల్ పడినట్టే. ఇంకా నొక్కితే కప్పు పగులుతుంది. వెనక్కి తీసి నీడిల్స్ లెక్కపెట్టండి, నాలుగు కప్పుల్లోనూ ఒకే సంఖ్య ఉండాలి.

ఎదురెదురు సర్‌క్లిప్పులు ఒకే మందం ఉండాలి. ఒక పక్క మందంది ఇంకో పక్క పలచది వేస్తే క్రాసు నడుమ తప్పుతుంది, షాఫ్టు సొట్టగా తిరుగుతుంది. బ్యాలెన్సు చేయించినా ఆగని వణుకు చాలాసార్లు దీనివల్లే. బిగించాక చేత్తో ఊపితే క్రాసు రెండు దిక్కులా ఒకేలా, కొంచెం బిగువుగా తిరగాలి. ఒక దిక్కు మొరాయిస్తే యోకు చెవి మీద రాగి సుత్తితో లోపలి నుంచి బయటికి ఒక్క దెబ్బ వేస్తే కప్పు సర్‌క్లిప్‌కి ఆనుకుని సర్దుకుంటుంది. చేతికి ఆట తగలకూడదు. కొన ఆట 0.05 మి.మీ. లోపు ఉండాలన్నది చాలా మాన్యువళ్ళలో కనిపించే అంకె. యు-బోల్టుతో పట్టే రకమైతే ఆ చిన్న నట్లని ఈ సైజు క్రాసుకి 20 న్యూటన్-మీటర్ల దగ్గర ఆపాలి. పానా పొడుగ్గా ఉందని బలమంతా పెడితే కప్పు గుండ్రం పోయి నీడిల్స్ పట్టేస్తాయి.

గ్రీజు నిప్పిల్ ఎటు ఉండాలన్నది చిన్న విషయంలా ఉంటుంది. నిప్పిల్ కన్నం క్రాసుకి బలహీనమైన చోటు. నడిపే యోకు పట్టిన కొన నుంచి, షాఫ్టు ముందుకి తిరిగే దిశలో తర్వాత వచ్చే కొన దాకా ఉన్న మూల నొక్కుడులో ఉంటుంది, వెనక మూల లాగుడులో ఉంటుంది. నిప్పిల్ ఆ ముందు మూలలో రావాలి. లాగుడు మూలలో పెడితే ఇసుకలో కూరుకున్న బండిని రివ్వుమనిపించినప్పుడు పగులు అక్కడే మొదలవుతుంది. దాంతోపాటు రెండు క్రాసుల నిప్పిళ్ళూ ఒకే పక్కకి వచ్చేలా చూసుకుంటే షాఫ్టు తిప్పకుండా రెండిటికీ గ్రీజు కొట్టొచ్చు. గ్రీజు లిథియం ఇపి-2. నాలుగు సీళ్ళ దగ్గరా కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. స్ప్లైన్ దగ్గర మాత్రం అట్లా కాదు. అడుగు మూసుకున్న జారే యోకులో గ్రీజు నింపేస్తే అది నీటి జాకీలా పనిచేసి షాఫ్టుని పొడుగు చేస్తుంది, పట్టీ నొక్కుకున్నప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసు బేరింగుని తోస్తుంది.

యాక్సిల్‌లో క్రాసుల లైను గురించి పట్టించుకోనక్కర్లేదన్నాను. అక్కడ పట్టించుకోవాల్సిన లైను ఇంకోటి ఉంది. నకిల్ లోపలి జాయింటు నడిబొడ్డు కింగ్ పిన్ గీత మీద ఉండాలి. చక్రం తిరిగేది ఆ గీత చుట్టూ, షాఫ్టు వంగేది జాయింటు నడుమ చుట్టూ. రెండూ ఒకటి కాకపోతే ఒకదాన్నొకటి లాగుతాయి. జాయింటు 3 మి.మీ. పక్కన ఉంటే 30 డిగ్రీల కట్‌లో షాఫ్టు 1.5 మి.మీ. పక్కకి నెట్టబడుతుంది. స్టబ్ యాక్సిల్ లోపలి బుష్షూ, హౌసింగ్ లోపలి ఆయిల్ సీలూ ఆ ఒకటిన్నర మిల్లీమీటరుని మింగాలి. మీ సీళ్ళు కారడం మొదలైంది ఇందువల్లే కావొచ్చు, కొత్తవి వేశాం అని నిశ్చింతగా ఉండకండి.

చూసేది సులువే. హబ్బు డ్రైవ్ ఫ్లాంజి తీసి, షాఫ్టు కొసని చేత్తో లోపలికీ బయటికీ కదిపి కొంచెం ఆట ఉందని చూసుకోండి. నకిల్‌ని అటు చివర నుంచి ఇటు చివరికి తిప్పుతూ షాఫ్టుని చేత్తో తిప్పండి. రెండు చివర్లలోనూ తిన్నగా ఉన్నంత తేలిగ్గానే తిరగాలి. ఒక పక్క బిగుసుకుంటే థ్రస్ట్ వాషరు మరిచారో, ఇంకో బండిది వేశారో, ఎడమ కుడి షాఫ్టులు మారాయో చూడండి. డిఫరెన్షియల్ నడుమన ఉండదు కాబట్టి రెండు షాఫ్టుల పొడవులు వేరు.

కింగ్ పిన్ షిమ్ములు (పలచటి రేకులు) పైనా కిందా సమానంగా పంచాలి. విప్పినప్పుడు పైవి కిందివి కలిసిపోయి, బిగువు సరిపోయేదాకా అన్నీ పైనే వేసేస్తుంటారు. బిగువు సరిపోతుంది, నకిల్ మాత్రం పైకో కిందికో జరుగుతుంది, షాఫ్టు సీలు నడుమలో ఉండదు. షాఫ్టు దూర్చేటప్పుడు స్ప్లైన్ కొసని సీలు పెదవి మీద ఆనించకుండా చేత్తో ఎత్తి పట్టుకుని పోనివ్వండి. పెదవికి ఒక్క గీత పడితే ఈ శ్రమంతా మళ్ళీ మొదటికొస్తుంది.

పాత జీపు నకిళ్ళలో అన్నిటికీ క్రాసులే ఉండవు. నాలుగు గుండ్లు, నడుమ ఒక గుండు ఉండే బెండిక్స్ రకం ఉండొచ్చు, ఆరు గుండ్లూ పంజరమూ ఉండే జెప్పా రకం ఉండొచ్చు. జిప్సీలో ఉండేది ఈ రెండో తరహాదే. ఇవి వంగినా సమానంగానే తిప్పుతాయి, వీటికి ఫేజు అనే మాటే లేదు. అలాంటి బండి ఫుల్ కట్‌లో కటకటమంటే మాత్రం గుండ్లో గాడులో అరిగినట్టు. ఫోర్‌వీల్ ట్రాక్టర్ల ముందు యాక్సిల్‌లో చక్రం దగ్గర జంట క్రాసు ఉంటుంది. అక్కడ ఫేజు నడిమి ముక్క ఆకారంలోనే ఉంది, తప్పు పెట్టడానికి వీల్లేదు. ఎడమ కుడి మాట వాటికీ వర్తించదు.

బిగించాక ఈ వరసలో నడిపి చూడండి. హబ్బులు విడిచి టూ-వీల్లో, ముందు షాఫ్టులేవీ తిరగవు, మోత ఉండకూడదు. ఉంటే అది వెనక షాఫ్టుదో టైర్లదో హబ్బు బేరింగులదో. తర్వాత హబ్బులు లాక్ చేసి టూ-వీల్లోనే తిన్నని రోడ్డు మీద 30, 40, 50. చక్రాలే ముందు షాఫ్టుని తిప్పుతాయి, బరువు ఉండదు. ఇప్పటి మోత ఇక్కడే పోవాలి. పోకపోతే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు పూర్తిగా దించి మళ్ళీ అదే నడక నడపండి. దించితే పోయిందంటే ఆ షాఫ్టులోనే, దించినా ఉందంటే డిఫరెన్షియల్ గేర్లలోనో యాక్సిల్ షాఫ్టుల్లోనో. హబ్బులు విడిచే ఏర్పాటే లేని బండికి ఈ షాఫ్టు దించే పరీక్ష ఒక్కటే దారి. చివరగా ఇసుకలో ఫోర్‌వీల్ వేసి తిన్నగా, తర్వాత మలుపుతో.

100 కిలోమీటర్లు తిరిగాక ఫ్లాంజి బోల్టులు, యు-బోల్టు నట్లు ఒకసారి పానా వేసి చూడండి. కొత్త కప్పులు సర్దుకుని ఒకటి రెండు వదులై ఉంటాయి. స్వర్ణముఖి ఇసుకలోనో వానాకాలం బురదలోనో ఇరుసు మునిగేదాకా దిగితే, ఇంటికొచ్చిన రోజే నాలుగు క్రాసులకీ గ్రీజు కొట్టండి. వారం ఆగితే నీళ్ళు లోపలే ఉండి నీడిల్స్ తుప్పు పడతాయి.